మూడుసార్లు చదివిన పీఠిక

గణతంత్ర దినం నాడు పంచాయతీ ఆఫీసు ముందు జెండా ఎగరేయాల్సింది సర్పంచ్ సాలమ్మ. ఆమె తాడు పట్టుకోగానే ఉపసర్పంచ్ నరహరి లాక్కున్నాడు. కులం పేరు పెట్టి రెండు మాటలన్నాడు. తానే జెండా ఎగరేశాడు. ఊరు జనగణమన పాడింది. సాలమ్మ కూడా పాడింది. పాట అయ్యాక ఆటో ఎక్కి హుజూర్‌నగర్ పోయి కేసు పెట్టింది.

ఏడాదిన్నరకు కేసు సాక్ష్యాల దాకా వచ్చింది. పంద్రాగస్టు తర్వాతి వారం నల్లగొండ కోర్టులో సాలమ్మ సాక్ష్యం చెప్పాలి. ఆమె చెబితే నరహరికి శిక్ష పడొచ్చు. అందుకే ఊరి పెద్ద బిక్షం ఇద్దరినీ రైతువేదికకు పిలిచాడు.

“చెల్లె, కోర్టుల ఏం జరగలేదని చెప్పు. నీకేం గావాల్నో అడుగు. నరహరి పటేలు కాదనడు.”

“జెండా కింద నిలవడి రాజ్యాంగం పీఠిక సదవాలె. మైకుల,” అంది సాలమ్మ.

నరహరి నవ్వాడు. “గంతేనా? ప్లాటు అడుగుతదనుకున్న.”

“సదువు పటేలా. తర్వాత సూద్దాం.”

“ఇగ రాజీ అయినట్టే,” అని బిక్షం లేచాడు. సాలమ్మ అవుననలేదు, కాదనలేదు.

ఇంటికి నడుస్తుంటే భర్త గురవయ్య అడిగాడు. “మాట ఇచ్చినట్టేనా?”

“నేనేడ ఇచ్చిన?”

“వాళ్లు గట్లనే అనుకున్నరు.”

“అనుకోనీ.”

పంద్రాగస్టు నాడు సాలమ్మ జెండా ఎగరేసింది. బడి టీచర్ ఉష ఇచ్చిన కాగితం పట్టుకుని నరహరి మైకు ముందుకొచ్చాడు. న్యాయం, స్వేచ్ఛ దాకా గట్టిగా చదివాడు. సమానత్వం దగ్గర గొంతు తగ్గించాడు.

“ఇనవడలే పటేలా. మళ్ల మొదటి సంది సదువు,” అంది సాలమ్మ.

రెండోసారి వ్యక్తి గౌరవం దగ్గర ఆగి నీళ్లడిగాడు.

“సదివినంక తాగుదువు గాని. మళ్ల మొదలువెట్టు.”

“డిగ్రీ సదివినోనికి గింత కష్టమా?” అన్నారెవరో వెనక నుంచి. జనం నవ్వారు.

మూడోసారి ఒక్క మాట మింగకుండా చదివాడు. చొక్కా వీపున తడిసింది. కాగితం మడిచి సాలమ్మ దగ్గరికొచ్చాడు.

“ఇప్పుడు సల్లవడ్డదా కడుపు?”

“జర సల్లవడ్డది.”

తర్వాతి వారం కోర్టులో సాలమ్మ మొదలుపెట్టకముందే నరహరి వకీలు లేచి అడిగాడు. “పెద్దమనుషుల ముందు రాజీ పడ్డారు కదా?”

“ఆయన సదివిండు సార్, నేను ఇన్న. గందుల రాజీ అని యాడ లేదు.”

వకీలు ఇంకేదో అడగబోయాడు. జడ్జి ఆపి, గణతంత్ర దినం నాడు ఏం జరిగిందో చెప్పమన్నారు.

సాలమ్మ నరహరి వైపు తిరిగింది. ఆయన తల వంచుకున్నాడు.

“నా దిక్కు సూడు పటేలా.”

ఇటు చూసి మాట్లాడమన్నారు జడ్జి. ఆమె తిరిగింది. తాడు లాక్కున్న దగ్గర మొదలుపెట్టి, ఆయన తన కులాన్ని ఏమన్నాడో అన్నది అన్నట్టే చెప్పింది. టైపిస్టు కొట్టడం పూర్తయ్యే దాకా ఆగి, రెండో మాట కూడా చెప్పింది.