స్టేషన్ వరండాలో మీటింగు

బడి పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి ఆరో తరగతి పిల్ల మీద పడింది. కాలు విరిగింది. బడివాళ్లు చేసిందల్లా ఆ గదికి తాళం వేసి, పిల్లల్ని పక్కగదిలోకి తోలడమే. పక్కగది కప్పు వేసిందీ ఈ గది కట్టిన కాంట్రాక్టరే. అందుకే పదో తరగతి పిల్లలు, సోమవారం గేటు ముందు కూర్చుంటామన్నారు. కప్పు ఊడినప్పుడు కదలని సర్కారు ఈ మాటకి ఉలిక్కిపడి లేచింది.

శనివారం తల్లిదండ్రుల్ని పోలీసు స్టేషనుకి రమ్మన్నారు. వెళ్లినవాళ్లలో ఆర్టీసీ బస్సు డ్రైవరు ఒకడు. ఈ గొడవకి ముందు నిలబడింది అతని కూతురే.

"నీ వల్ల నా ఉద్యోగం ఊడేట్టుంది. నోరు మూసుకుని ఇంట్లో పడుండు," అని దాన్ని కసిరి మరీ వెళ్లాడు.

ఎస్సై అందర్నీ వరండాలో నేలమీద కూర్చోబెట్టాడు.

"సోమవారం పిల్లల్ని ఒంటరిగా రోడ్డు మీదికి వదిలారో, వాళ్లకేం జరిగినా నా పూచీ లేదు. పెద్దసారు వచ్చేదాకా ఎవరూ కదలొద్దు," అని లోపలికెళ్లి ఫ్యాను కింద చేరాడు.

భయపెట్టదలచినవాళ్లని ఒకచోట కూర్చోబెట్టకూడదని పాపం ఆయనకెవరూ నేర్పలేదు. అప్పటిదాకా ఎవరి బిడ్డ గోల వాళ్లదే.

మూలన ముడుచుకుని కూర్చున్న ఇస్త్రీ ఆమెని డ్రైవరు పలకరించాడు. "నీ పిల్లా పదో తరగతేనా అమ్మా?"

"ఆరో తరగతన్నా. కాలు విరిగింది దానికే."

"మరి నిన్నెందుకు పిలిచారు?"

"బల్లెక్కి గెంతి అదే పడిందని చెప్పాలంట. లేకపోతే నా బండి రోడ్డు మీద ఉండనివ్వరంట."

డ్రైవరుకి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత కడుపు మండిపోయింది.

"చెప్పకు చెల్లీ. మేమున్నాం."

"పిల్లల చదువులు పోతాయేమో," అని నసిగాడు కిరాణా కొట్టాయన.

"పిల్లలే పోతే చదువెవరికయ్యా?" అంది పక్కనున్న నర్సు.

ఆ తర్వాత ఎవరూ నసగలేదు. అందరూ ఇస్త్రీ ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

సోమవారం గేటు దగ్గర లాఠీలు బారులు తీరాయి. పిల్లలొచ్చారు. వాళ్ల వెనకే పెద్దలొచ్చారు. ఇస్త్రీ ఆమె బండి మీద బట్టలకు బదులు కట్టు కట్టిన కాలితో కూతురు కూర్చుని ఉంది.

ఎస్సై డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు. "శనివారం చెప్పింది బుర్రకెక్కలేదురా?"

"ఎక్కింది సార్. పిల్లల్ని ఒంటరిగా వదలొద్దన్నారుగా. అందుకే మేమూ వచ్చాం."

అతన్ని ఈడ్చుకెళ్లి వ్యాన్‌లో పడేశారు. డ్రైవరు కూతురు పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నీ ఉద్యోగం..."

"నువ్వెళ్లి కూర్చో. కప్పు సంగతి తేలేదాకా లేవకు," అన్నాడు లోపల్నుంచి.

డ్రైవరు మాట అందరూ విన్నారు, వ్యాన్‌కి అడ్డంగానే కూర్చున్నారు. వ్యాన్ ఎంత హారన్ కొట్టినా లేచి దారిచ్చినవాళ్లు లేరు.