పాత కచ్చేరీ మెట్లు

పాత కచ్చేరీ గుమ్మటానికి కట్టిన పరంజా విరిగింది. పైన సున్నం గీకుతున్న జంపయ్య రాతి మెట్ల మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు.

కింద సున్నం కలుపుతున్న అతని భార్య జంపక్క అరవలేదు. మెల్లగా నడిచి వచ్చి అతని తల ఒళ్లో పెట్టుకుంది. అతని చెవిలోని సున్నాన్ని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

కాంట్రాక్టర్ వెంకటరామారావు జీపు దిగుతూనే అన్నాడు: "తాగి ఎక్కిండు. వెనక గేటు నుంచి జల్దీ తీస్కపోన్రి. రేపు మంత్రిగారొచ్చి ఇది వారసత్వ కట్టడమని బోర్డు పెడ్తున్నరు."

"తాగలే!" మేస్త్రీ జహూర్ తాపీ విసిరికొట్టాడు. "కర్రలు పుచ్చినయని మొన్ననే చెప్తి. గవే కట్టమంటివి."

మిగిలిన పరంజాల మీది కూలీలంతా దిగి వచ్చారు.

"శవాన్ని ఊరికి తీస్కపోదం. లేకుంటే పని పోతది," అన్నాడు బద్యా.

"పానమే పోయినంక పనేందిరా?" కసిరింది రామక్క.

అందరూ జంపక్క వైపు చూశారు. ఎవరి సంగతో చెబుతున్నట్టు అందామె:

"నైజాం కాలంల మా తాత ఈ రాళ్లు మోసిండు. కూలి లేదు, వెట్టి. అడవిల పోడు కొట్టిండని మా నాయనను ఇదే కచ్చేరీల బేడీలేసి నిలబెట్టిన్రు. ఇయ్యాల నా పెనిమిటి. బోర్డు మీద తాసిల్దారు పేరున్నదంట, ఇంజినీరు పేరున్నదంట. మావోళ్లది ఒక్కటి గూడ లేదు. నేను వెనక గేటుకెళ్లి పోను."

బద్యా తలరుమాలు విప్పి శవం మీద కప్పి, ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత అందరూ కూర్చున్నారు.

కబురు గూడేలకు పాకింది. తెల్లారేసరికి మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. పోలీసులూ వచ్చారు.

"లేవమ్మా. మంత్రిగారు వైరా దాటిన్రు, వచ్చేస్తున్నరు," అన్నాడు ఎస్సై.

"కాంట్రాక్టర్ మీద కేసు రాయి సారూ. లేస్తం."

"ముందు లే!"

ఆమె లేవలేదు. లాఠీలు లేచాయి. జహూర్ తల పగిలింది. జంపక్కను జుట్టు పట్టి ఈడ్చారు. నొప్పి ఆమెకు తెలియలేదు. జహూర్‌తో పాటు ఆమెనూ వ్యానులో పడేశారు.

వ్యాను కిటికీ జాలీలోంచి చూసింది. ఆమె కూర్చున్న మెట్టు మీద, శవం పక్కన రామక్క కూర్చుంది. దాని కింద ఇంకో ఆడమనిషి, ఆమె వెనక ఆ రోజు సంతకొచ్చినవాళ్లు. పోలీసులు లాగేకొద్దీ కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు.

పెనిమిటి పేరు ఆమె ఎన్నడూ పలికి ఎరగదు. ఇప్పుడు జాలీకి నోరానించి, ఏడుపు లేని గొంతుతో పిలిచింది:

"జంపయ్యకూ..."

మెట్లన్నీ ఒక్కసారిగా అన్నాయి:

"జోహార్!"