హెన్నింగ్ చేతి పట్టీ

నేను ఒక గుడ్డ పట్టీని. బెత్తెడు వెడల్పు, లోపల ఎలాస్టిక్, మీద తెల్లదారంతో కుట్టిన ఒకే ఒక అక్షరం. నాలో అంతకు మించి ఏమీ లేదు. అయినా నా కోసం పెద్ద పెద్ద మగవాళ్ళు ఏడ్చారు, నన్ను చూసి ఉమ్మారు కూడా. మీకు క్రికెట్ బాగా తెలుసు కదా, అక్కడ కెప్టెన్ చేతికి ఏమీ కట్టరు. ఫుట్‌బాల్‌లో మాత్రం నాలాంటిదాన్ని ఎడమ చేతికి, మోచేతి పైన తొడుగుతారు. తిట్టేవాళ్ళు గురి తప్పకుండా ఉండడానికేనేమో అని తరవాత్తరవాత నాకు అనిపించింది.

నేను పుట్టింది జర్మనీలో, ఎల్మ్‌స్టాట్ అనే చిన్న ఊళ్ళో. ఆ ఊరి క్లబ్బులో ఆటగాళ్ళ జెర్సీలు ఉతికి, చిరిగినవి కుట్టే రోస్‌విటా అనే పెద్దావిడ నన్ను తయారుచేసింది. వేరే క్లబ్బులు పట్టీలను దుకాణంలో కొంటాయి. ఎల్మ్‌స్టాట్‌లో అలా కాదు. పాత కెప్టెన్ ఆట మానేసిన రోజున ఆయన జెర్సీ చెయ్యి కత్తిరించి, ఆ గుడ్డతోనే కొత్త కెప్టెన్‌కి పట్టీ కుట్టాలి. రోస్‌విటా నన్ను కుడుతున్నంతసేపూ ప్రార్థన చేసుకుంది. దారం తెగితే ప్రార్థన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. నా కుట్లు ఇంత గట్టిగా ఉండడానికి కారణం అదే అనుకుంటాను.

నన్ను మొదట తొడుక్కున్నది హెన్నింగ్ ఓల్‌డోర్ఫ్. ఆ ఊరి రొట్టెలు కాల్చేవాడి కొడుకు. మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని తనవాడికి అందించడమే అతని పని. గోలు కొడితే ముందున్నవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. గోలు ఆపితే వెనకున్నవాణ్ణి పొగుడుతారు. ఓడిపోతే మాత్రం అందరికీ మధ్యలోవాడు గుర్తొస్తాడు. అయినా ఆ రోజుల్లో ఊరు హెన్నింగ్‌ని ప్రేమించింది. చెమటతో తడిసి అతని చేతికి అంటుకుని ఉన్నప్పుడు నాకూ కొంచెం గర్వం వచ్చిందని ఒప్పుకోవాలి.

ఒక సాయంత్రం క్లబ్బు అధ్యక్షుడు గెర్‌హోల్డ్ అతన్ని తన గదికి పిలిచాడు. హెన్నింగ్ నన్ను పిడికిలికి చుట్టుకుని కూర్చున్నాడు. క్లబ్బు మునిగిపోతోందనీ, పక్క ఊరి క్లబ్బు అతన్ని కొనడానికి సిద్ధంగా ఉందనీ ఆయన చాలాసేపు చెప్పాడు. పక్క ఊరంటే ఎల్మ్‌స్టాట్ వాళ్ళకి తరతరాల పగ. చివరికి ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"మేము అమ్మామంటే ఊరు ఈ క్లబ్బు గేటు తొక్కదు. వెళ్తానని నువ్వే అన్నావని చెబుదాం. నీ మీద కోపం నాలుగు రోజులుంటుంది, అంతే."

హెన్నింగ్ పిడికిలి బిగించాడు. నా ఎలాస్టిక్‌లో మొదటి పోగు తెగింది అప్పుడే.

అతను వెళ్ళిపోయాడు. క్లబ్బు బతికింది. హెన్నింగ్ ఆట మానేయలేదు కాబట్టి కొత్త పట్టీ కుట్టలేదు, నన్నే వేరేవాళ్ళు తొడుక్కున్నారు, విప్పారు. వాళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హెన్నింగ్ చాలా ఏళ్ళు ఊరూరా ఆడి, మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ చేయించుకుని, జుట్టు పల్చబడ్డాక ఎల్మ్‌స్టాట్‌కే తిరిగొచ్చాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఆట మానేసే ముందు తన ఊరివాళ్ళు తనని మళ్ళీ తమవాడనుకోవాలి. ఆ మాట రోస్‌విటాతో మాత్రమే అన్నాడు. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని, చూద్దాం అబ్బాయ్ అంది.

నాలుగు రోజుల కోపం ఇంకా అలాగే ఉంది. మీ దగ్గర సినిమా హాల్లో ఈల వేస్తే మెచ్చుకున్నట్టు. అక్కడ ఈల వేశారంటే తిట్టినట్టు. హెన్నింగ్ కాలికి బంతి తగిలిన ప్రతిసారీ స్టేడియమంతా ఈలలు. 'అమ్ముడుపోయినవాడా, ఇంటికి పో' అని గుడ్డ మీద రాసి వేలాడదీశారు. అతని ఇల్లు స్టేడియం ఉన్న వీధి చివరే ఉందని వాళ్ళకి తోచలేదు. ఆదివారం ఉదయం చర్చిలో, శత్రువుని క్షమించమని ప్రార్థించినవాళ్ళే మధ్యాహ్నం వచ్చి ఈల వేసేవాళ్ళు. రెండింటికీ ఒకే నోరు ఎలా సరిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను గుడ్డముక్కని, దేవుణ్ణి అడిగేంతటిదాన్ని కాను. కానీ అడగాలని ఉంటుంది.

తోటి ఆటగాళ్ళు మాత్రం అతన్నే కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. అప్పటికి నా ఎలాస్టిక్ పూర్తిగా సాగిపోయి మణికట్టు దాకా జారిపోయేదాన్ని. ఏడాదిలో ఆఖరి మ్యాచ్ ముందు రోస్‌విటా నన్ను అతని జెర్సీ చేతికే కుట్టేసింది. ఆ మ్యాచ్ ఓడితే క్లబ్బు కింది డివిజన్‌కి, అంటే తక్కువ స్థాయి జట్ల పోటీకి, పడిపోతుంది.

ఓడిపోయారు.

అలా పడిపోయిన రోజున జట్టు తమ అభిమానుల కంచె ముందుకు వెళ్ళి నిలబడాలి. అది అక్కడి ఆనవాయితీ. వాళ్ళు జెర్సీలు విప్పమంటారు. దీన్ని తొడుక్కునే యోగ్యత మీకు లేదని దానర్థం. కంచె మీద కూర్చున్న ఫోల్కర్ అనే బట్టతలవాడు, అభిమానుల పెద్ద, మైకులో అరిచాడు.

"జెర్సీలు మీరే ఉంచుకోండి. ఆ అమ్ముడుపోయినవాడి చేతి పట్టీ మాకు కావాలి."

హెన్నింగ్ నన్ను లాగాడు. రోస్‌విటా కుట్టు ఊడలేదు. మళ్ళీ లాగాడు. వాళ్ళు నవ్వారు. ఇవ్వడం ఇష్టం లేక నాటకం ఆడుతున్నాడని అనుకున్నారు. అప్పుడతను జెర్సీయే విప్పి, మడత పెట్టి, నాతో సహా కంచె మీదుగా అందించాడు. పైనుంచి విసిరిన బీరు గ్లాసు అతని భుజానికి తగిలింది. తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తరవాత మళ్ళీ ఆడలేదు.

ఫోల్కర్ నన్ను స్టేషన్ పక్కనున్న తన బీరు దుకాణానికి తెచ్చి, జెర్సీని తలకిందులుగా గోడకి మేకులతో కొట్టాడు. వచ్చినవాళ్ళంతా నన్ను చూపించి కథ చెప్పేవాళ్ళు. ఏటేటా ఆ కథలో హెన్నింగ్ మరింత నీచుడయ్యాడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అతనే వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. దుకాణంలో వేరే ఎవరూ లేరు. యాపిల్ రసం అడిగి, నా కిందే కూర్చున్నాడు. ఫోల్కర్ గుర్తుపట్టాడు. గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు.

"కావాలంటే పట్టుకుపో," అన్నాడు నా వైపు తల ఎగరేసి.

"ఇచ్చేశాను కదా," అన్నాడు హెన్నింగ్.

చాలాసేపు బల్ల తుడిచి ఫోల్కర్ అడిగాడు. "అసలు ఎందుకెళ్ళావు?"

ఆ మాట హెన్నింగ్ వేలసార్లు విన్నాడు. అందరూ దాన్ని తిట్టులా అన్నారు. ప్రశ్నలా అడిగినవాడు ఇతనొక్కడే.

"వెళ్ళమన్నారు," అన్నాడు హెన్నింగ్.

"ఎవరు?"

"ఆయన పోయాడు. ఇప్పుడెందుకు?"

రసం తాగి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫోల్కర్ గుమ్మం దాకా వెళ్ళాడు గానీ పిలవలేదు. తిరిగొచ్చి, కుర్చీ ఎక్కి, మేకులు పీకి జెర్సీని తిన్నగా కొట్టాడు. ఎంతో కాలానికి నా అక్షరం తిన్నగా నిలబడింది.

మర్నాడు సాయంత్రం పాత నేస్తాలు వచ్చారు. ఇదేంటని నవ్వారు. ఫోల్కర్ చెప్పబోయాడు. ముసలితనంలో మెత్తబడ్డావు అన్నారు. ఒకడు కుర్చీ ఎక్కి నన్ను మళ్ళీ తలకిందులు చేశాడు. వాళ్ళు వెళ్ళాక ఫోల్కర్ మళ్ళీ తిన్నగా తిప్పాడు.

అప్పటినుంచి నా బతుకు ఇదే. వాళ్ళొచ్చి తిప్పుతారు, అతను సరిచేస్తాడు. గోడ నిండా మేకుల చిల్లులు. మీరెప్పుడైనా అటు వస్తే నేను ఎటు తిరిగి ఉంటానో చెప్పలేను. కుర్చీ మాత్రం ఎప్పుడూ నా కిందే ఉంటుంది.