చార్మినార్ కొస

రెండు వేల పంతొమ్మిది, జనవరి ఇరవై రెండు. ఆ పొద్దున చౌటుప్పల్ బస్టాండు పక్కన హోటల్లో నేనూ, నా బామ్మర్ది రాంచందరూ ఉప్మా తిన్నాం. పళ్లెం ఒళ్లో పెట్టుకుంటే తప్ప అతను తినలేడు. హోటలాయన అడగకుండానే చిన్న చెంచా తెచ్చి ఇచ్చాడు.

ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నప్పుడే అతని ఎముకలను పట్టింది. నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, చూపు చెప్పులు దాటి నాలుగడుగులు పోదు. ఇప్పుడు నల్లాలో మంచినీళ్లే వస్తున్నాయి. అతనికి మాత్రం ఆలస్యమైంది. ఏడాది తిరిగేలోపు మంచం పడతాడని డాక్టరు చెప్పాడు.

"ఇంకా నడుస్తున్నప్పుడే చార్మినార్ చూపెట్టు బావా. కొస దాకా చూడాలె," అన్నాడు. నా భార్య కోమల బతికుంటే తమ్ముణ్ని ఎప్పుడో తీసుకుపోయేది.

హైదరాబాద్‌లో బస్సు దిగాక, ట్యాంక్‌బండ్ మీద గట్టు మాత్రమే చూశాడు. బుద్ధుడు ఎట్లున్నాడో నేను చెప్తే విన్నాడు. చార్మినార్ ముందు నిలబడితే అతనికి కనిపించినవి బండలు, పావురాల రెట్ట, మనుషుల కాళ్లు. గదవ పట్టి మెల్లగా ఎత్తబోయాను. నొప్పికి కళ్లు మూసుకున్నాడు.

"గింత దూరమొచ్చి నా చెప్పులే చూసి పోవుడా బావా?"

పక్కనే జామపండ్లమ్మే ముసలాయన మమ్మల్ని చూస్తున్నాడు. పండ్లన్నీ గంపలోకి ఎత్తి, ఖాళీ అయిన తోపుడుబండి మీద గోనెసంచి పరిచాడు.

"పండుకోబెట్టు సాబ్. జర మెల్లగ."

ఇద్దరం పట్టి వెల్లకిలా పడుకోబెట్టాం. వీపు గూని వల్ల తల బండికి ఆనలేదు. ముఖం సరిగ్గా మినార్ల వైపు నిలిచింది.

జనం పక్కకు జరిగారు. శవమనుకుని ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక కుర్రాడు ఫోన్‌తో ఫొటో తీశాడు.

"బతికే ఉన్న తమ్మీ, నవ్వమంటవా?" అన్నాడు రాంచందర్.

ఇంకెవరో అతని పొట్ట మీద పది రూపాయల నోటు పెట్టి, ఆగకుండా పోయారు. నా ముఖం మండిపోయింది. నోటు తీయడానికి చెయ్యి చాచాను.

"జర ఆగు బావా. నీ చెయ్యి అడ్డమొస్తాంది."

ఆగాను. అతను రెప్ప వేయకుండా పైకి చూస్తూనే ఉన్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. మా అత్తమ్మ ఉప్పలమ్మ కొడుకు కాళ్లకు వేడినీళ్లు పోస్తూ అడిగింది.

"చూసినవా బిడ్డా?"

"కొస దాకా చూసిన అమ్మా. కొసకు ఒక్క పావురం కూసున్నది."

"జనమేమన్నరు?"

"ఏమనలే. జరిగి తొవ్వ ఇచ్చిండ్రు."

"మంచోళ్లే," అందామె.

అతను పక్కకు తిరిగి పడుకున్నాక, ఆమె అతని మెడ కింద దుప్పటి మడత సర్ది, కాసేపు చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.