పాప టాటా చెప్పిందట

పాపకు అన్నం పెట్టాక కుర్చీ కింద తుడవడం తల్లిగా ఆమె పనుల్లో ఒకటి. మెతుకులు, పాల చుక్కలు, కొరికి విసిరేసిన క్యారెట్ ముక్కలు. మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో తుడుస్తూ విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి. ఈమధ్య గుడ్డ తడుపుకుని వంగితే తుడవడానికి ఏమీ ఉండటం లేదు. నేల అద్దంలా ఉంటోంది.

"చూశావా అమ్మాయ్, ఒక్క మెతుకు కింద పడెయ్యకుండా ఎంత బుద్ధిగా తింటోందో," అంది అత్తగారు పాప మూతి తుడుస్తూ. "నువ్వు పెడితే ఇల్లంతా చల్లేది. పిల్లలకి పెట్టే చెయ్యి తెలుస్తుందిలే."

ఆమె వాడని తడిగుడ్డ తీసుకెళ్ళి మళ్ళీ ఆరేసింది. పాప బుద్ధిగా తినడం లేదు. పాప చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళడం లేదు. మొదటి పుట్టినరోజు నాటికి రెండు వేళ్ళతో ఒక్కో మెతుకూ ఏరి, కంసాలి బంగారాన్ని చూసినట్టు పరీక్షగా చూసి, అప్పుడు నోట్లో పెట్టుకునేది. ఇప్పుడా రెండు చేతులూ గుండెల దగ్గర ఒకదాన్నొకటి నలుపుకుంటూ, పిండుకుంటూ ఉంటాయి, కనపడని బట్టేదో ఉతుకుతున్నట్టు. ఏడాదిన్నర పిల్లకు అంత తీరని పనేమిటో ఎవరికీ తెలియదు.

బడిలో అన్నిటికన్నా చిన్న తరగతికి ఆమె పంతులమ్మ. రోజంతా చిన్నచిన్న వేళ్ళతోనే పని. పెన్సిల్ని పిడికిలితో పట్టుకునేవాణ్ణి మూడు వేళ్ళకు తేవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడం, కత్తెర పట్టించడం. ఒకడికి నడక ముందు, మాట వెనక. ఇంకొకతెకు తలకిందులు. ఆలస్యం ఆమెకు కొత్త కాదు, ఆలస్యమంటే భయమూ లేదు. కాయ ఒకటి ముందు పండుతుంది, ఒకటి తర్వాత పండుతుంది. పండిన కాయ మళ్ళీ పిందె కావడం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు, ఎన్ని విధాలుగా చెప్పిందో. ఇస్త్రీ చేస్తూ చెప్పింది, కూరలు తరుగుతూ చెప్పింది. "మీ ఆయన మూడేళ్ళ దాకా నోరు విప్పలేదమ్మా. ఇప్పుడు ఆపమంటే ఆపుతాడా?" అని అత్తగారు నవ్వేసింది. "నీకు ప్రతి పిల్లా నీ క్లాసు పిల్లలాగే కనిపిస్తుంది. ఇంట్లో కూడా మార్కులెయ్యకు," అన్నాడు భర్త ఫోన్ లోంచి తలెత్తకుండా. వేరే రోజు, కాస్త మెత్తగా, ఆలోచించి చెప్తున్నట్టు, "పొద్దస్తమానం ఊళ్ళో పిల్లల్ని ఆడిస్తుంటే సొంతపిల్ల అలగదూ? ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని చూడు," అన్నాడు. ఆ మాట ఆమెలో దిగబడిపోయింది. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేది. ఇక్కడ పాతిక మంది చేతులు పట్టుకుని రాయిస్తున్నాను, అక్కడ ఒక్క చెయ్యి నన్ను మరిచిపోతోందా అనుకునేది. నిజంగా అలకేనేమో. అలకైతే తీరుతుంది కదా, అని కూడా అనుకునేది.

ఆదివారం పూట ఆడపడుచు వీడియో కాల్ చేస్తుంది. ఆడపడుచు కొడుకూ, పాపా ఇంచుమించు ఒక ఈడువాళ్ళు. వారం వారం అటు వాడూ, ఇటు ఇదీ ఏం నేర్చారో చూపించుకోవడం ఆ ఇంటి అలవాటు.

"మా వాడు ముక్కేదంటే ముక్కు, చెవేదంటే చెవి చూపిస్తున్నాడమ్మా. మరి మన చిట్టి?"

"మా చిట్టికేం తక్కువ! బంగారం," అంది అత్తగారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అంత ఉక్కపోతలోనూ పాపకు పొడుగు చేతుల చొక్కా తొడిగి ఉంది. "అత్తకి టాటా చెప్పు తల్లీ. చెప్పు, చెప్పు... అదిగో, చెప్పింది!"

పాప చెయ్యి గాలిలో ఊగింది. అటువైపు ఆడపడుచు చప్పట్లు కొట్టింది. పక్కనే కూర్చున్న భర్త తన ఫోన్లో వీడియో తీసుకున్నాడు. "చూశావా, నువ్వూ నీ భయాలూ," అన్నాడు వెనక్కి తిరిగి.

ఆమె ఉతికిన బట్టల బుట్టతో గుమ్మంలో ఉంది. అక్కడినుంచి చూస్తే చొక్కా చేతి అంచు కింద అత్తగారి రెండు వేళ్ళు కనిపించాయి. అవి పాప మణికట్టు పట్టుకుని ఊపుతున్నాయి. ఆ క్షణంలోనే అత్తగారూ తలెత్తి చూసింది. ఆ కళ్ళలో మాయ లేదు, గెలిచిన మిడిసిపాటూ లేదు. బెదిరిన మనిషి చూపు. ఈవిడకూ తెలుసన్నమాట, అనుకుంది ఆమె. తెలిసే ఆ చొక్కా తొడిగింది. ఆమె బుట్ట కింద పెట్టింది. ఆ బట్టల పక్కనే కూర్చుంది.

టీకా రోజున పాపను డాక్టరమ్మకు పూర్తిగా చూపించి తీరాలని పట్టుబట్టింది. భర్త సెలవు పెట్టి వచ్చాడు. "మాట్లాడేది నేను. నువ్వు లేనిపోనివి చెప్పి ఆవిణ్ణి కంగారు పెట్టకు," అన్నాడు బస్సులోనే.

డాక్టరమ్మ ప్రశ్నలు ఆమె మొహం చూసి అడుగుతోంది. జవాబులు పక్క కుర్చీలోంచి వస్తున్నాయి.

"తనంతట తాను తింటుందా?"

"తింటుందండీ. మెతుకు కింద పడదు."

"పిలిస్తే చూస్తుందా?"

"ఆ, చూస్తుంది."

"టాటా చెప్తుందా?"

"మొన్ననే చెప్పిందండీ. వీడియో ఉంది, చూడండి."

డాక్టరమ్మ చూసి నవ్వింది. "ముద్దుగా చెప్పిందే. కొందరు పిల్లలు కాస్త నిదానం. కంగారేం లేదు, వచ్చే టీకాకి వచ్చినప్పుడు చూద్దాం," అని తర్వాతి వాళ్ళను పిలవడానికి గంట మీద చెయ్యి వేసింది.

వచ్చే టీకా. అప్పటికి ఇంకేం పోతాయి? ఈ పిల్ల దగ్గర పోవడానికి ఇంకేం మిగిలాయి? ఎవరినీ నొప్పించకుండా చెప్పే మాట ఏదైనా ఉందేమోనని ఆమె వెతికింది. దొరకలేదు.

"ఆ చెయ్యి ఊపుతున్నది పాప కాదండీ," అంది. "మా అత్తయ్య."

"ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు?" అన్నాడు భర్త.

"చొక్కా చేతి అంచు దగ్గర చూడండి. వేళ్ళు కనిపిస్తాయి."

డాక్టరమ్మ వీడియో మళ్ళీ చూసింది, పెద్దది చేసుకుని. గంట మీద నుంచి చెయ్యి తీసేసింది. పాపను బల్ల మీద కూర్చోబెట్టి ఎర్రటి బొమ్మ ఒకటి ముందు పెట్టింది. పాప చూపు బొమ్మ మీద వాలింది. బొమ్మ నుంచి అమ్మ మొహానికి, అమ్మ నుంచి మళ్ళీ బొమ్మకు వెళ్ళింది. బొమ్మ కావాలని ఆ కళ్ళు స్పష్టంగానే అడుగుతున్నాయి. చేతులు మాత్రం గుండెల దగ్గర ఉతుకుతూనే ఉన్నాయి.

"ఇదివరకు పట్టుకునేదా?"

"పట్టుకునేదండీ. బాగా పట్టుకునేది. రెండు మూడు మాటలు కూడా ఉండేవి. అవీ పోయాయి."

భర్త ఆమె వైపు తిరిగి చూశాడు, ఈ సంగతి అప్పుడే వింటున్నవాడిలా.

"రాకపోవడం వేరు, వచ్చినవి పోవడం వేరు," అంది డాక్టరమ్మ, ఇప్పుడు నవ్వకుండా. "దీనికి ఆగకూడదు. ఈ వారంలోనే పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించాలి. పరీక్షలు చేస్తారు. జబ్బు పేరేదో వాళ్ళే చెప్పాలి."

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటే... మళ్ళీ వస్తాయా అండీ?"

"అమ్మ ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీ పెంపకంలో లోపమూ లేదు."

ఎన్ని నెలలుగానో ఆమె, ఎవరైనా ఆ మాట అంటారా అని ఎదురుచూసింది. ఇప్పుడు ఒకరన్నారు, అదీ అతను వింటుండగా. గుండె తేలిక పడుతుందనుకుంది. పడలేదు. కాళ్ళ కింద ఉన్న ఒక్క మెట్టూ లాగేసినట్టయింది. తప్పు తనదైతే ఎంత బాగుండేది. తప్పయితే దిద్దుకోవచ్చు.

ఇద్దరూ బస్ స్టాప్ లో నిలబడ్డారు. పాప ఆమె భుజం మీద నిద్రకు జోగుతోంది. అతను, "అమ్మకేమని చెప్పాలి? డాక్టరు ముందు అమ్మ పరువు తీశావ్," అన్నాడు. మళ్ళీ అతనే, అదేదో ఎప్పుడో తేలిపోయిన విషయమన్నట్టు, "ఏదైతేనేం, ఇక నువ్వు ఉద్యోగం మానక తప్పదు కదా," అన్నాడు.

అలక తీరడానికీ తనే మానాలి. అది అలక కాదని తేలినా తనే మానాలి. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం దాకా వెళ్ళే ఓపిక లేదు.

బడి వైపు వెళ్ళే బస్సు మలుపు తిరిగి వస్తోంది. ఆమె పాపను భుజం మీద నుంచి మెల్లగా తీసి అతని చేతుల్లో పెట్టింది. తల కింద అతని మోచెయ్యి సరిచేసింది. పాల సీసా ఉన్న సంచి అతని భుజానికి తగిలించింది.

"ఇదేంటి? ఎక్కడికి?"

"బడికి. మధ్యాహ్నం క్లాసులున్నాయి."

"నాకూ ఆఫీసుంది. ఈ పూటంటే సెలవు పెట్టాను. ఎన్నాళ్ళని పెడతాను?"

"ఎన్నాళ్ళో డాక్టరమ్మ కూడా చెప్పలేదుగా," అంది ఆమె, బస్సు మెట్టు మీద కాలు పెడుతూ. "ఒకరోజు నాది, ఒకరోజు మీది. ఇవాళ మీది."