పంచ్ సాక్షి మత్తయి

ఆ ఉదయం ఇబ్రహీంపట్నం కోర్టు హాల్లో చివరి బెంచీ మీద, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకొని కూర్చుంది రూత్. హైదరాబాద్‌లో బి.ఏ. రెండో ఏడు ఆమెది. సాహిత్యం, చరిత్రతో పాటు నేర న్యాయం కూడా చెప్పే కాలేజీ. ఒక రోజంతా కోర్టులో కూర్చొని, ఒక్క కేసు ఎట్లా నడిచిందో చూసింది చూసినట్టు రాసుకురమ్మన్నారు సారు. తోటి పిల్లలు జట్లు జట్లుగా సిటీ కోర్టులకు పోయారు. రూత్‌ను ఎవరూ వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. తెలిసిన దారి కదా అని ఆమె ఒక్కతే ఇటు వచ్చింది. ఇంట్లో కూడా చెప్పలేదు.

బండి దొంగతనం కేసు. నిందితుడు స్వామి, రూత్ ఈడువాడే. అతను దాచిన చోటు చూపిస్తే మన్నెగూడ దగ్గర బండి పట్టుకున్నామని పోలీసులు రాశారు. పట్టుకున్నప్పుడు పక్కనుండి చూసి, కాగితం మీద సంతకం చేసిన మనిషే పంచ్ సాక్షి. ఆ మనిషి చెప్పే మాట మీదే కేసంతా నిలబడి ఉంది.

"మత్తయి" అని జవాను మూడుసార్లు పిలిచాడు.

లోపలికి వచ్చింది రూత్ తండ్రి.

ఊరి దగ్గర పోలీస్ స్టేషన్ ప్రహరీని ఆనుకొని చాయ్ డబ్బా ఆయనది. ఇరవై ఏళ్లుగా స్టేషన్‌కు చాయ్ ఆయనే పోస్తున్నాడు. ఎస్సైలు ఎందరు మారినా తనను పేరు పెట్టి పిలుస్తారని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాడు. ఎందుకు పిలుస్తారో రూత్ ఏనాడూ అడగలేదు.

ప్రమాణం చేసి, సంతకం తనదేనన్నాడు మత్తయి. బండి తన ముందే దొరికిందనీ అన్నాడు. ముద్దాయి తరఫు వకీలు లేచాడు.

"ఆ దినం మన్నెగూడకు దేని మీద పోయినవ్?"

"జీపుల సార్."

"మరి నీ డబ్బ ఎవలు చూసుకున్నరు?"

జవాబు కోసం మత్తయి అటూ ఇటూ చూశాడు. చివరి బెంచీ దగ్గర చూపు ఆగిపోయింది. తల దించుకుందామనుకుంది రూత్. మెడ వంగలేదు.

"చెప్పు. బండి దొరికింది కండ్లార చూసినవా?"

సాక్షి బోను కర్రను అరచేత్తో ఒకసారి తుడిచాడు మత్తయి, డబ్బా మీద తుడిచినట్టే.

"చూడలే సార్. స్టేషన్ల చాయ్ ఇయ్య పోయిన. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన."

సాక్షి ఎదురు తిరిగాడని రాయమన్నాడు ప్రభుత్వ వకీలు. స్వామి మాత్రం మొదటిసారి తలెత్తాడు.

బయట మెట్ల దగ్గర, పక్కనున్న రూత్‌ను చూస్తూ కానిస్టేబుల్ మత్తయిని ఆపాడు. "బిడ్డె సదువు మంచిగనే అక్కరకొచ్చింది మత్తన్నా. రేపటి సంది చాయ్ తేకు. గోడకాడి డబ్బ గూడ తీసెయ్."

తండ్రీకూతుళ్లు బస్టాండుకు నడిచారు.

"బాపూ, నీతోని వస్త. ఇద్దరం కలిసి సామాన్లు సర్దుదాం."

"నువ్వు రాకు. నిన్ను జూస్తే వాళ్లకు ఇంకింత మంట."

"ఇయ్యాల నేను ఈడికి రాకపోతే ఇదంత అయ్యేదే కాదు."

"రాకపోతే ఆ పోరగాడు జైలుకు పోతుండె." మత్తయి గొంతు తగ్గించాడు. "గసొంటి సంతకాలు ఎన్ని పెట్టిననో నాకే యాదికి లేదు. మీ సార్‌కు ఏం రాస్తవ్?"

"చూసింది రాస్త."

"నా పేరు గూడనా?"

రూత్ తలూపింది. "అవ్."

"అయితే ఇంటిపేరు గూడ రాయి. మనూర్ల ఇంకో మత్తయి ఉన్నడు. పాపం, ఆయన మీదికి పోవద్దు."

ఊరి బస్సు వచ్చింది. రూత్ నిలబడ్డ వైపు కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉన్నా అవతలి వైపు కూర్చున్నాడు మత్తయి. బస్సు కదిలినా ఇటు చూడలేదు.

సిటీ బస్సులో రూత్ ఫోన్ తీసింది. క్లాసు గ్రూపు నిండా నవ్వులే. ఎవరి జడ్జి సెలవు పెట్టాడో, ఎవరు క్యాంటీన్లో ఎన్ని సమోసాలు తిన్నారో. నీ కేసు ఎట్లుంది రూత్ అని ఒక్కరూ అడగలేదు. ఫోన్ లోపల పెట్టి నోట్‌బుక్ తెరిచింది. ఇంటిపేరు రాసింది. దాని పక్కన పేరు రాయడానికి మన్నెగూడ దాటేదాకా పట్టింది.