కర్రి నడిచే పక్క

కూతురు నందినికి జడలు వేసేటప్పుడు సునంద ముందుగా దువ్వెన చూపిస్తుంది. ఆ పిల్ల దాన్ని చూసి తల కొంచెం వంచితేనే పని మొదలుపెడుతుంది. చెవులకు వేళ్లు తగలకూడదు. చిక్కు పడితే లాగకూడదు, కింది నుంచి విప్పుకుంటూ రావాలి. ఆ ఉదయం కూడా ఒక జడ ముగించి, రెండోదానికి పాయలు తీస్తూ సునంద వాకిట్లోకి చూసింది. రోజూ ఈపాటికి వాళ్ల కుక్క కర్రి లేచి, ముందుకాళ్లు చాపి ఒళ్లు విరుచుకుని, గడప దగ్గరికి వచ్చి నిలబడేది. ఇవాళ గోడవార పడుకునే ఉంది. పక్కటెముకలు మాత్రం మెల్లగా లేచి పడుతున్నాయి.

రిబ్బను కట్టి, వెళ్లి దాని దగ్గర గొంతుక్కూర్చుంది. కర్రి ఇప్పుడు పేరుకే నలుపు. మూతి చుట్టూ, కళ్ల మీద, మెడ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎడమ కంట్లో పాలు కలిపినట్టు మసక దిగింది. రాత్రి పెట్టిన పెరుగన్నానికి చీమలు పట్టాయి. సునంద వేలు పాలలో ముంచి దాని పెదవికి రాసింది. నాలుక బయటికి వచ్చి, ఆ తడిని అందుకోకుండానే లోపలికి పోయింది.

"నిన్నటిసంది నీళ్లు గూడ ముడుతలేదు," అంది అరుగు మీద కూర్చున్న అత్త సిద్దమ్మ.

పరశురాం చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడ్డాడు. కొత్త ప్లాట్లకు మొరంమట్టి తోలే టిప్పరు నడుపుతాడు. చొక్కా కాలరు పొద్దున్నే ఎర్రదుమ్ము పట్టి ఉంటుంది. భార్య వైపు చూడకుండా చెప్పాడు.

"బాలాపూర్ల మా ఓనరు దోస్తు ఇంట్ల కుక్క ఈనింది. ఒక పిల్లను ఇస్తా అన్నడు. పొద్దుమూకి వచ్చేటప్పుడు తెస్త."

"ఇప్పుడే వద్దు."

"మరెప్పుడు? ఇది పోయినంక నందిని రోడ్డు మీదికి పోతే ఎవలు ఆపుతరు? అమ్మకు మోకాళ్లు పనిచేస్తలేవు. నువ్వు పనికాడ ఉంటవు."

అందులో అబద్ధమేమీ లేదు. నందిని వచ్చి కర్రికి చేయంత దూరంలో నేల మీద పక్కకు ఒరిగి పడుకుంది. వేసిన జడలు మట్టిలో పడ్డాయి. సునంద లేపలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని రోడ్డు మీదికి నడిచింది.

శేరిగూడ పోయే ఆటోలో ఇంజనీరింగు కాలేజీల పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. ఆమెకు చివర కాస్త చోటు దొరికింది. రోడ్డుకు అటూ ఇటూ, మొన్నటిదాకా కందులు వేసిన చెలకల్లో ఇప్పుడు తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. చెట్టూ చేమా లేని ఆ నేలల ముందు పెద్దపెద్ద బోర్డులు, వాటి మీద నవ్వుతున్న కుటుంబాలు. సునంద వాటిని చూడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, వేలికి అంటి ఎండిన పాలను గీరుకుంటూ కూర్చుంది.

ఆమె ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో పనిచేస్తుంది. ఉల్లిగడ్డలు తరగడం, బియ్యం కడగడం, అన్నం వార్చడం, మధ్యాహ్నం భోజనాలయ్యాక గంజులు తోమడం. ఆవిరికి ముఖం ఎప్పుడూ ఉబ్బినట్టుంటుంది. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. ఆమె పనిలో ఎవరికీ వంక కనిపించదు, ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకోరు కూడా. పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో వస్తారు, ఆమె గరిటె నిండా అన్నం వడ్డిస్తుంది. సంవత్సరాలుగా వడ్డిస్తున్నా ఆమె పేరు వాళ్లలో ఎవరికీ తెలియదు.

నందిని రెండేళ్లకు నాలుగు మాటలు నేర్చి, మూడేళ్లకు వాటిని మరిచిపోయింది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేది. తలుపు తెరిచి ఉంటే చాలు, వెనక్కి చూడకుండా రోడ్డు దాకా నడిచి వెళ్లేది. చుట్టాలు తల్లి పెంపకాన్ని అన్నారు, తండ్రి తాగుడును అన్నారు. పరశురాం ఆ మాట పడ్డ రోజు నుంచి తాగడం మానేశాడు, పిల్ల మాత్రం మారలేదు. చివరికి పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ దీన్ని ఆటిజం అంటారని, ఎవరి తప్పూ కాదని చెప్పింది. వరండాలో పక్కన కూర్చున్న ఇంకో తల్లి, ఇంట్లోకి కుక్క వచ్చాక తన కొడుకు కాస్త కుదురుకున్నాడని చెప్పింది. తిరిగి వచ్చే బస్సులో భార్యాభర్తలు ఇద్దరికీ గుర్తున్నవి ఆ రెండు మాటలే.

పరశురాం వెంటనే బడంగ్‌పేట్‌లో ఎవరినో బతిమాలి తెల్లని బొచ్చుకుక్కను తెచ్చాడు. అందమైన కుక్క. దానికి మనుషులంటే ప్రాణం. నందినిని చూడగానే ఎగిరి మీద పడి మూతి నాకింది, సంతోషంతో సన్నగా, ఆగకుండా మొరిగింది. నందిని తన ముంజేతిని తానే నెత్తురు వచ్చేలా కొరుక్కుంది. మరునాడు పరశురాం కుక్కను చంకలో పెట్టుకుని వాపసిచ్చి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. తర్వాత ఊళ్లోనే ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చారు. నందిని దాన్ని బొమ్మలా గట్టిగా హత్తుకుని విడిచిపెట్టేది కాదు. అది రాత్రంతా ఏడిస్తే, సునందే పోయి దాని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ రోజు ఆమెకు తన బిడ్డ మీద కన్నా ఆ కూన మీద ఎక్కువ జాలి కలిగింది, అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

కర్రిని ఎవరూ తేలేదు. ఒక సాయంత్రం పారిపోతున్న నందిని వెనక పరుగెత్తుకుంటూ సునంద గుట్ట కింద గొర్రెలకాపరి జంగా దొడ్డి దాకా వెళ్లింది. గొర్రెలు మేసే బీడంతా ప్లాట్లయ్యాక జంగా మందను అమ్ముకున్నాడు. ఖాళీ దొడ్డి, ఎండిన పెంటిక వాసన, ఒక మూల నల్ల కుక్క. నందిని లోపలికి పోయి నేల మీద పడుకుంది. కుక్క తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. లేవలేదు, తోక ఊపలేదు. పిల్ల చాలాసేపు ప్రశాంతంగా పడుకుంది. సునంద గోడకు ఆనుకుని కూర్చుని, పొద్దు ఉండగానే ఎన్నాళ్లకో కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత రోజూ వెళ్లారు. కుక్క కొద్దికొద్దిగా దగ్గరికి జరిగి, ఒకనాడు నందినికి చేయంత దూరంలో, వీపు ఆమెవైపు పెట్టి పడుకుంది. అది పిల్ల ముఖంలోకి చూసేది కాదు. నందిని ఒక వేలితో దాని తోక చివర ముట్టుకుంది.

"కరుస్తదా కాకా?" అని సునంద అడిగింది.

"కర్వది. ఊకె మొరగది గూడ. గొర్లు బెదురుతయని దానికి ఎర్క," అన్నాడు జంగా. "పట్టుకపో బిడ్డా. ఈడ దానికి పని లేదు."

ఇంటికి వచ్చిన కొత్తలో నందిని దాని చెవి పట్టి లాగితే కర్రి లేచి అవతలికి పోయేది. దానికి సునంద నీళ్ల డ్రమ్ము వెనక ఒక చోటు చేసి, అటు నందినిని పోనిచ్చేది కాదు. పిల్ల విసిగిస్తే కుక్క అక్కడికి పోయి పడుకునేది, తనకు తోచినప్పుడు బయటికి వచ్చేది. నందిని రోడ్డెక్కితే మాత్రం వెంట వెళ్లేది. బండ్లు వచ్చే వైపు తాను ఉండి, మంద పక్కన నడిచినట్టు నడిచేది. తర్వాత కొంచెం ముందుకు పోయి అడ్డంగా నిలబడేది. నందిని ఆగేది, ఏదో ఒక నిమిషాన ఇంటివైపు తిరిగేది. సునంద చాలాసార్లు గేటు పట్టుకుని నిలబడి, అరవకుండా నోరు బిగబట్టుకుని, ఆ ఇద్దరూ తిరిగి రావడం చూసేది.

"ఏమైందే, ఉప్పు రెండుసార్లు ఏస్తున్నవ్?" అంది హాస్టల్ వంటింట్లో పక్కన పప్పు కలుపుతున్న నీలమ్మ.

సునంద చెయ్యి ఆపింది. "మా కర్రి పోయేటట్టుంది."

"మా అత్త పోయినప్పుడు గూడ నువ్వే నా గంజులు తోమినవ్," అంది నీలమ్మ. "వడ్డన కాంగనే పో. నేను సూసుకుంట."

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వాకిట్లో కర్రి పొద్దున ఉన్నట్టే ఉంది, దాని మీద సిద్దమ్మ పాత చీర ముక్క కప్పి ఉంది.

"పగటి బువ్వ తిన్నంక సూస్తే ఊపిరి లేదు," అంది సిద్దమ్మ. "అరిచింది లేదు, గిలగిల కొట్టుకుంది లేదు. నందిని పక్కనే ఉండె. బట్ట కప్పేదాక ఉండి, అటెన్క లోపలికి పోయింది."

నందిని లోపల గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడవడం లేదు. సునంద పిల్ల దగ్గరికి పోలేదు. గుమ్మంలో కూర్చుని ఉంది, కబురందుకుని జంగా పార తీసుకుని వచ్చేదాకా.

ఇంటి వెనక గుంట తవ్వడానికి జంగాకు చాలాసేపు పట్టింది. కింద అంతా మొరమే. గుంట పూర్తయ్యాక అతను కర్రి మెడ దగ్గర కాసేపు ఏదో విప్పుతూ ఉండిపోయాడు. తర్వాత ఇద్దరూ చీరముక్కతో సహా దాన్ని ఎత్తి లోపల పడుకోబెట్టారు. సునంద రెండు చేతులతో మట్టి వేసింది. చేతులు దులుపుకుని తలెత్తేసరికి గేటు తెరిచి ఉంది. జడలు ఊగుతూ నందిని రోడ్డు మీద పోతోంది.

సునంద పరుగెత్తింది. నోట్లోకి పేరు వచ్చింది. ఎన్నోసార్లు అట్లా పిలిచింది, అట్లా వెళ్లి రెక్క పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ నందిని కేక పెట్టి విడిపించుకుని, ఎటు కనిపిస్తే అటు ఉరికేది. ఎదురుగా మొరం టిప్పరు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. సునంద పిలవలేదు. పరుగును నడకలోకి మార్చుకుని, పిల్లకూ వచ్చే బండ్లకూ మధ్యకు వెళ్లింది. పిల్ల ముఖంలోకి చూడకుండా, చేయంత దూరంలో నడిచింది. టిప్పరు గాలికి ఆమె కొంగు లేచి మెడకు చుట్టుకుంది. నందిని ఆగలేదు, పక్కకు జరగనూ లేదు.

కొంత దూరం పోయాక సునంద ముందుకు అడుగువేసి అడ్డంగా నిలబడింది. నందిని ఆమెను చుట్టి ముందుకు పోయింది. సునంద మళ్లీ పక్కన నడిచి, మళ్లీ అడ్డం నిలబడింది. నందిని మళ్లీ తప్పుకుని పోయింది. ముందర సాగర్ రోడ్డు మీద బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఇక పట్టుకోవలసిందేనని చెయ్యి లేచింది. ఆ చేతిని దించి, సునంద ఈసారి పిల్లకు వీపు పెట్టి, నేల మీద చూపు నిలిపి నిలబడింది. వెనక చెప్పుల చప్పుడు ఆగింది. ఆమె తిరిగి చూడలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

ఎంతసేపో. తర్వాత చెప్పుల చప్పుడు ఇంటివైపు మళ్లింది.

తిరిగి వస్తుంటే నందిని అంది, "కర్రి."

"కర్రి లేదు బిడ్డా."

"లేదు," అంది నందిని. హద్దురాళ్ల మధ్య నుంచి ఎండ వాలుతోంది. కాస్త నడిచి మళ్లీ అంది, "లేదు." సునంద అప్పుడు ఏడ్చింది, శబ్దం రాకుండా, నడుస్తూనే.

పరశురాం వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. తల్లి అంతా చెప్పినట్టుంది. పిల్ల లోపలికి పోయేదాకా గేటు తీసి పట్టుకున్నాడు.

"పొద్దున నువ్వు వద్దన్నవని కూనను తేలే," అన్నాడు. "రేపు తేవాల్నా?"

"తేకు. నందినిని ఆడికి పట్టుకపోదాం. కూసోని సూద్దాం. ఆ కూనలల్ల ఏదన్న దీనికాడికి వస్తే వస్తది. లేకుంటే ఇంకో దిక్కు సూద్దాం. తొందరేం లేదు."

"అవ్," అన్నాడు పరశురాం. ముఖం కడుక్కోవడానికి వెళ్లబోతూ ఆగాడు. "అందాక?"

"అందాక నేను పోత దానెంబడి. పగటీలి అత్తమ్మకాడ జర ఉండుమని జంగా కాకను అడుగుత."

జంగా పారను కడిగి భుజాన వేసుకుని అప్పటికే వెళ్లిపోయాడు. పోతూ పోతూ, పాత చెప్పుల తోలుతో తాను కుట్టిన కర్రి మెడపట్టీని పిట్టగోడ మీద పెట్టిపోయాడు. అది లోపల ఏ మెడా లేకుండానే ఇంకా గుండ్రంగా నిలబడి ఉంది, దాని కుట్లలో నాలుగైదు తెల్లవెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.